మూగ ఎద

లియోంగాథాలో నాలుగున్నరకి
చీకటింకా పాలషెడ్డు రేకుల మీదే పడుకుని ఉంటుంది.
చేతిలో రంగుడబ్బా, ముందు మూడు వందల పన్నెండు తోకలు.
ఒక్కో తోక మొదట్లో జానెడు నారింజ గీత.
పారాణంత ముచ్చటేమీ కాదు,
రోడ్డు తవ్వేవాళ్ళు పెట్టే గుర్తులాంటిది.
రాత్రి ఏ ఆవైనా మీదికెక్కితే
పొద్దుటికి ఆ గీత చెరిగిపోవాలి.
మాకు అదే పేపరు, అదే మొదటి పేజీ.

నిన్న సూపర్‌మార్కెట్లో బిల్లేసే పిల్ల
నా అరచేతులు చూసి
"ఇంటికి రంగులా?" అంది.
ఆఁ అన్నాను.
వెనక లైన్లో ఆరుగురున్నారు, ఏమని చెప్పను?

కొత్త కుర్రాళ్ళకి ఒకటే చెబుతాను:
ఎక్కేదాన్ని చూడకండి, అది ఉత్త హడావుడి కావచ్చు.
కింద మోస్తున్నదాన్ని చూడండి.
అంత బరువు వీపున పడ్డా
అడుగు తీయకుండా నిలబడిందే, అదీ కబురు.
పొద్దున నిలబడితే సాయంత్రం సూది,
సాయంత్రం నిలబడితే మర్నాడు పొద్దున.
నడుమ మన తొందర ఎందుకూ పనికిరాదు.

డెస్మండ్ ట్రెగియర్‌కి డెబ్బై మూడు.
ఈమధ్యే మెడపట్టీలు కొన్నాడు.
అవి అడుగులు లెక్కపెడతాయి, నెమరు లెక్కపెడతాయి,
అర్ధరాత్రి ఫోన్‌ని నిద్రలేపుతాయి.
"ఇక నీ కళ్ళకి సెలవు" అన్నాడు.
అన్నాడే గానీ
చొక్కా జేబులో నోటుపుస్తకం మాత్రం తీయలేదు.

నాలుగు వందల పదిహేడు.
ఈని డెబ్బై రోజులు.
పట్టీ పలకదు, గీత చెరగదు,
అరవదు, మేత మానదు, పాలు చెంబెడైనా తగ్గవు.
"అమ్మేద్దామా?" అన్నాడు డెస్మండ్,
నా వైపు చూడకుండా.

దర్శి చుట్టుపక్కల గోపాలమిత్రగా ఏడేళ్ళు
బండి వెనక నత్రజని క్యాను కట్టుకుని
గేదెల దగ్గర చదువుకున్నాను.
గేదె ఎండాకాలం ఎద దాచుకుంటుంది.
ఊరంతా పడుకున్నాక, నేల చల్లబడ్డాక
ఒక్కసారి తోక పక్కకి పెడుతుంది,
కాసిని కాసినిగా ఉచ్చ పోస్తుంది, అంతే.
తెల్లారి రైతు "ఏం లేదండీ" అంటాడు.
అబద్ధం కాదు పాపం,
నిద్రపోయాడు.

"మీ భాషలో దీన్నేమంటారు?"
టీ తాగుతూ అడిగాడోసారి.
ఎద, అన్నాను.
దీనికీ అదే మాట, అని ఛాతీ తట్టి చూపించాను.
"రెంటికీ ఒకటే అయితే తికమక పడరూ?"
పడతాం, అన్నాను.

మూడు రాత్రులు పికప్ బండిలో కూర్చున్నాను,
దుప్పటీ, ఫ్లాస్కూ, అద్దాల మీద నా ఊపిరి.
నాలుగో రాత్రి రెండూ నలభైకి వాన ఆగింది.
కంచె వార నాలుగు వందల పదిహేడు
పక్క ఆవు నడుం మీద గడ్డం ఆనించింది,
ఎవరైనా భుజం మీద తల వాల్చినట్టు.
ఒక్క నిమిషమే.
టార్చి వేస్తే, తోక కింద
తెల్లసొనలా, తెగకుండా, గాజుతీగ.
ఫోన్‌లో ఏ కబురూ లేదు.
అరచేతిలో రంగుతోనే నంబరు రాసుకున్నాను.

సాయంత్రం
గోరువెచ్చటి నీళ్ళలో స్ట్రా పెట్టి ముప్పై లెక్కపెట్టాను.
భుజం దాకా తొడుగు, లోపల ఆవు వేడి,
బయట నా చెవి మీద సన్నటి చలిగాలి.
అది కదల్లేదు.

ఇన్నాళ్ళూ గుర్తు కనబడాలని వెతికిన కళ్ళే
ఆ రోజు నుంచి
గుర్తు కనబడొద్దని కాపు కాస్తున్నాయి.
పొర్లకూడదు, మళ్ళీ రాకూడదు.
ఇరవై ఒకటో రోజు పోయింది, గీత చెరగలేదు.
ఇంకో ఆవైతే పండగ చేసుకుందును.
మూగదాని దగ్గర మౌనం
చూడికి సాక్ష్యమూ కాదు, కాదనడానికీ కాదు.

స్కానింగ్ మనిషి రావడానికింకా పదిహేను రోజులు.
డెస్మండ్ నోటుపుస్తకం తెరిచి
నంబరు రాసి, పక్కన ఖాళీ వదిలి
పెన్సిలు నాకిచ్చాడు.
"నువ్వు రాయి."
పెన్సిలు చెవిలో దోపుకుని
ఫ్లాస్కు కడగడానికి వెళ్ళాను.